వేగం చెట్లకుండాలి

మా ఆయన బండి ట్యాంకు మీద చెయ్యి వేసి "పాపం" అన్నాడు. సరిగ్గా అప్పుడే నాకు ప్రమాదం వాసన తగిలింది.

కొన్నాళ్ల కిందటి ఒక ఆదివారం పొద్దున. ఫిల్మ్‌నగర్‌లో మేముండే అపార్టుమెంటు పార్కింగులో, మెట్ల మీద కూర్చుని మా పెద్దదానికి జడ వేస్తున్నాను. ఇంట్లో కూర్చోబెడితే అది తల ఇవ్వదు. వాళ్ల నాన్న బండి తుడుస్తుంటే ఎదురుగా కూర్చుని చూడాలి, అప్పుడైతే ఎంత గట్టిగా లాగి అల్లినా కిక్కురుమనదు. చిన్నోడు సబ్బునీళ్ల బకెట్టులో మోచేతుల దాకా మునిగి ఉన్నాడు. మా ఆయన మెత్తటి గుడ్డతో ట్యాంకు తుడిచి, ఒకడుగు వెనక్కి వేసి, తల పక్కకు వంచి చూసి అన్నాడు: "పాపం, దీనికి దమ్ము సాలుతలేదే."

నేను జ్వరమొచ్చి మంచం మీద పడ్డప్పుడు కూడా ఆ గొంతులో అంత జాలి వినలేదు. నా చేతిలో దువ్వెన ఆగిపోయింది.

"ఎవరికి?" అన్నాను.

"బండికే. ఘాట్ ఎక్కుతుంటే ఆయాసపడుతుంది. ఎనక మనిషి కూసుంటే ఇంక జెప్పనే వద్దు. కంపెనీవాళ్లే పెద్ద ఇంజన్ కిట్టు తెచ్చిన్రు. షోరూంల్నే సిలిండరు, పిస్టను మొత్తం మార్చి బిగిస్తరు. వారంటీ గూడ పోదంట."

ఆ వారంటీ మాట నా కోసం చేర్చాడు. బండికి వారంటీ ఉంది సరే, బండి మీది మనిషికి ఎవరిస్తారని అడగబోయాను. అంతలో మూలగది ముందు నుంచి చిన్న దగ్గు వినిపించింది. మా ఆయన గుడ్డ భుజాన వేసుకుని భక్తిగా అటు తిరిగాడు.

"పెద్దాయనా, మీరే జెప్పున్రి. వేయించొచ్చా?"

పెద్దాయన కాఫీ గ్లాసు కింద పెట్టారు. చూపుడువేలు నాలిక మీద తడిపి పైకెత్తి గాలి ఎటుందో చూశారు. "చూద్దాం బాబూ, తొందరేముంది" అన్నారు.

ఈ రాత్రి పిల్లలు పడుకున్నాక నేను రాయాలని కూర్చున్నది ఆ పెద్దాయన గురించే.

మా ఓనరుకి ఆయన దూరపు చుట్టం. సినిమావాళ్లతో పాటు మెడ్రాసు నుంచి వచ్చిన తరం మనిషి. పార్కింగు పక్క గదిలో ఒక్కరే ఉండేవారు. గుమ్మం మీద క్రిస్మస్ నక్షత్రం ఏడాదంతా వేలాడేది. డిసెంబరు వస్తే దానికి లైటు పడేది, అంతే తేడా. ఆయనకు కుర్చీ పడదు. గదిలో రెండు కుర్చీలున్నా గుమ్మం ముందు మోకాలెత్తు లేని చెక్కపీట వేసుకుని, దాని మీదే కూర్చుని కాఫీ తాగేవారు. ఎడమచేతి చిటికెనవేలు వంగేది కాదు. గ్లాసు పట్టుకుంటే ఆ ఒక్కవేలు విడిగా, జమీందారుగారి కోడలు కాఫీ తాగుతున్నట్టు నిలబడి ఉండేది.

ఇంకో వింత ఉంది. ఎవరైనా ఫోన్ పైకెత్తి ఫోటో తీయబోతే ఆయన వంగిపోయేవారు. సిగ్గుతో కాదు. మనకు దుమ్ము వస్తే కళ్లు మూతపడతాయి చూడండి, అలా. మా పెద్దదాని పుట్టినరోజు ఫోటోల్లో అందరం నవ్వుతూ ఉంటాం, నా పక్కన మాత్రం ఒక మనిషి పట్టేంత ఖాళీ ఉంటుంది. ఆ ఖాళీ పెద్దాయనే.

హీరోల బండ్లన్నీ ఆయన చేతుల మీదుగా పరిగెత్తాయని అపార్టుమెంటంతా అనుకునేది. ఆయన తానుగా ఎప్పుడూ గొప్పలు చెప్పింది లేదు. కానీ ఏ బండినైనా వెనక మడ్‌గార్డు మీద అరచెయ్యి ఆనించి పలకరించేవారు, ఆవును నిమిరినట్టు. అది చూసినవాడెవడైనా ఈయన పెద్ద డూప్ అయి ఉంటాడని, పాత సినిమాల్లో వంతెనల మీంచి దూకింది ఈయనేనని అనుకుంటాడు. ఫిల్మ్‌నగర్‌లో ఉంటే అలాగే అనుకుంటారు మరి. ఇక్కడ కూరగాయలు కొనేటప్పుడు పక్కనున్నాయన కూడా ఏదో ఒక సినిమాలో చచ్చిపోయినవాడే అయ్యుంటాడు.

మా ఆయన నమ్మకం ఇంకా గట్టిది. ఆయన పని జూబ్లీహిల్స్‌లో ఒక గ్రాఫిక్స్ ఆఫీసులో. గ్రీన్ మ్యాట్ ముందు నిలబెట్టిన బండికి వెనక రోడ్డు అతికిస్తాడు. పగలంతా కదలని బండ్లకు వేగం అంటించి అంటించి, ఆదివారం వస్తే నిజం వేగం కావాలని ఆయనకు ఆరాటం. నిజంగా నడిపిన మనిషి మా కిందనే ఉన్నాడన్నది ఆయనకు దేవుడు ఇచ్చిన వరం.

నా సంగతి కూడా చెప్పాలి. ద్రాక్షపళ్లు నాలుగు ముక్కలు చేసిగాని నేను పిల్లలకు పెట్టను. మా ఇంట్లో బండి మీద పిల్లలకు అనుమతి పార్కింగు నుంచి గేటు దాకానే. గేటు దగ్గర స్కూలు వ్యాను ఆగుతుంది. ఆ కాస్త దూరం మా ఆయన ఇద్దరినీ వెనక ఎక్కించుకుని, నడిచే మనిషి కంటే నిదానంగా తీసుకెళ్తాడు. ఆ దూరానికి కూడా ఇద్దరికీ హెల్మెట్లు పెడతాను. ఇక మా ఆయన ఆఫీసు స్నేహితులతో శ్రీశైలం ఘాట్‌కు పోతే, ప్రతి మలుపులో ఎదురొచ్చే లారీని ఆయన కంటే ముందే నేను చూసేస్తాను, మా వంటింట్లో నిలబడి. ఆ బండి ఘాట్‌లో ఆయాసపడుతుందన్న మాట విని ఆయనకు జాలి కలిగితే, నాకు ధైర్యం కలిగింది. ఆ ఆయాసమే కదా ఇన్నాళ్లూ ఆయన్ని ఇంటికి తెచ్చింది!

వారం రోజులు వాదించుకున్నాం.

"పెద్ద ఇంజనుంటే లారీని జల్ది దాటొచ్చు. అదే సేఫ్" అన్నాడు.

"ఎందుకు దాటాలె? లారీ ఎనక పో. లారీవాడు గూడ శ్రీశైలమే పోతున్నడు కద."

"నీతోని మాట్లాడుడు దండగ. పెద్దాయన్ని అడుగుతా. ఆయన ఏమంటే గదే ఫైనల్."

"ఆయన వద్దంటే?"

"వద్దంటే బంద్. ఒట్టు."

తెల్లారి మా ఆయన ఆఫీసుకు పోగానే నాలుగు పెసరట్లు వేసి, అల్లం పచ్చడితో కిందికి దిగాను. లంచమే, దాచేదేముంది.

పెద్దాయన రెండో పీట నా వైపు జరిపారు. మొదటి అట్టు అయ్యాక నేనే అడిగాను. "అంకుల్, మీరు వద్దని ఒక్క మాట చెప్పున్రి. మీరంటే ఆయనకు గురి. మీరు నడపని బండి లేదు కద."

ఆయన నమలడం ఆపారు. చుట్టూ చూశారు. "అమ్మాయ్, నాకు సైకిల్ కూడా రాదు" అన్నారు.

నాకు అర్థం కాలేదు.

"నేను నడిపేవాణ్ని కాదమ్మా. ఊపేవాణ్ని."

అప్పుడు చెప్పారు. హీరో మొహం దగ్గరగా చూపించేటప్పుడు బండి కదలదట. స్టాండు మీదే ఉంటుంది. ముందు నుంచి పెద్ద ఫ్యాను జుట్టు ఎగరేస్తుంది. ఒకతను చెట్టుకొమ్మ పట్టుకుని లైటు ముందు అటూ ఇటూ పరిగెడతాడు, ఆ నీడలు హీరో మొహం మీద పడి వెనక్కి పోతుంటాయి. ఈయన కెమెరాకు కనపడకుండా కిందుగా పీట మీద కూర్చుని, మడ్‌గార్డు పట్టుకుని బండిని ఊపుతారు. జీవితమంతా చేసిన ఉద్యోగం అది. చిటికెనవేలు ఒక స్టాండు కింద పడి అలా అయింది. తల కాస్త లేచినా "ఫ్రేములోకొస్తున్నావయ్యా" అని అరిచేవారట. అందుకే ఆ వంగడం, అందుకే ఆ పీట.

"ఊపడమంటే అంతా ఒకటే అనుకుంటారు. కాదమ్మా. డ్యూయెట్‌కి ఉయ్యాల ఊపు. ఛేజింగ్‌కి వణుకు. అదే హీరోగారి అమ్మకి ఆస్పత్రిలో సీరియస్ అయ్యిందనుకో, మధ్యమధ్యలో రెండేసి గుంతలు వెయ్యాలి. గుంత పడకపోతే జనానికి ఏడుపు రాదు." చెయ్యి కడుక్కుంటూ చివరికి అన్నారు: "వేగం వెనకున్న చెట్లకుండాలమ్మాయ్. మనకెందుకు?"

ఇంత మంచి మాట నేను చదువుకున్న పుస్తకాల్లో ఎక్కడా లేదు. "ఇదే మాట ఆయనకు చెప్పున్రి!" అన్నాను ఆశగా.

ఆయన తల అడ్డంగా ఊపారు. "హీరోకి కాదని చెప్పడం మా లైన్లో లేదమ్మా. సూపర్ సార్ అంటాం, మా పని మేం చేసుకుంటాం. ఇంకో మాట. నాకు బండి రాదని బాబుకి చెప్పకు. ఆ కుర్రాడు నన్ను చూసే చూపుందే, అది నాకు బావుంటుంది."

పెసరట్లు పోయాయి, పని కాలేదు అనుకుంటూ పైకి వచ్చాను.

ఆదివారం మా ఆయన బండి బయటికి తీసి, వెనక సీటు తట్టి, "రాండ్రి పెద్దాయనా, ఒక్కసారి మీరు గూడ కూసొని చూసి చెప్పున్రి" అన్నాడు. పెద్దాయన మొహంలో రంగు మారింది. నా వైపు చూశారు, నేను గోడ వైపు చూశాను. పరువు పెద్దది కదా, ఛాతీ మీద సిలువ గుర్తు వేసుకుని ఎక్కారు. ఎక్కాక అలవాటుగా వేలు తడిపి గాలి చూశారు. ఇద్దరూ జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు ఎత్తు వైపు వెళ్లిపోయారు.

తిరిగి వచ్చేసరికి మా ఆయన మొహం పాలిపోయి ఉంది. హెల్మెట్ తీసి బండి చుట్టూ తిరిగాడు. టైర్లు తన్నాడు. మోకాళ్ల మీద కూర్చుని కిందికి తొంగిచూశాడు.

"ఏమైంది?" అన్నాను.

"బండి ఊగుతుంది! స్పీడు గూడ ఎక్కువ లేదు. హ్యాండిల్ కాదే, మొత్తం బండే. ముందుగాల ఉయ్యాల లెక్క ఊగింది. ఎత్తు ఎక్కుతుంటే వణుకుడు షురూ జేసింది. చెక్‌పోస్టు దాటినంక రెండు గుంతలు గూడ కొట్టింది. ఆడ గుంతల్లేవు! నేను సూసిన, రోడ్డు అద్దం లెక్క ఉంది!"

నేను పెద్దాయన వైపు చూశాను. ఆయన అప్పటికే పీట మీద కూర్చుని గోడకు చేరబడి కళ్లు మూసుకున్నారు. "ఇంజన్ సూపర్ బాబూ. ఇంజన్‌కేం" అన్నారు నీరసంగా.

నేను గబగబా మెట్లెక్కి ఇంట్లోకి వచ్చి, వంటింటి తలుపు వేసుకుని, కొంగు నోట్లో కుక్కుకుని నవ్వాను.

మా ఆయన బండిని షోరూముకు తోలుకెళ్లాడు. బేరింగులు చూశారట, చక్రాలు చూశారట. వాళ్ల మనిషి ఎక్కి తిప్పి, లోపమేమీ లేదన్నాడు. మరుసటి ఆదివారం మళ్లీ పెద్దాయన్ని ఎక్కించుకున్నాడు. మళ్లీ ఊగింది, ఈసారి నాలుగు గుంతలు. సాయంత్రం అన్నం దగ్గర కూర్చుని తనే పరిశోధన చేసి కనిపెట్టినట్టు ప్రకటించాడు: "సమస్య ఇంజన్‌ల లేదు. ఎనక బరువు పడితే బాడీనే తట్టుకుంటలేదు. గిసొంటి బండికి పెద్ద ఇంజన్ పెట్టుడంటే పిచ్చి పని. నీకు తెల్వదు గాని, టెక్నికల్‌గ చాల డేంజర్."

"అవునా!" అన్నాను. "మంచిగ గుర్తుపట్టినవ్."

మర్నాడు పెసరట్లతో పాటు ఉప్మా కూడా చేసుకుని దిగాను. "అంకుల్, దండం పెట్టాలె మీకు. ఏం ప్లాన్ వేసిన్రు!"

పెద్దాయన నవ్వలేదు. "ప్లానేంటమ్మా, నా మొహం" అన్నారు. "భయమేసింది."

"భయమా?"

"బండి నిజంగా కదిలిందమ్మా!" ఆ గొంతులో ఇంకా ఆశ్చర్యం తగ్గలేదు. "చెట్లన్నీ నిలబడే ఉన్నాయి, మనమే పోతున్నాం. ఎదురుగా బస్సు. కట్ చెప్పేవాడు లేడు. ఏం చెయ్యాలో తోచక చేతులు వాటంతటవే పనిలోకి దిగిపోయాయి. ఊపుతున్నంతసేపూ కొంచెం ధైర్యంగా ఉంది. స్టూడియోలోనే ఉన్నాననిపించింది."

"మరి రెండోసారి ఎందుకు ఎక్కిన్రు?"

"పిలిచాడు కదమ్మా" అన్నారు.

అంతవరకు ఆ అపార్టుమెంటులో భయస్తురాలిని నేనొక్కదాన్నే అనుకునేదాన్ని. హీరోలందరినీ వందల మైళ్ల వేగంతో పరిగెత్తించిన మనిషి నాలాంటివాడేనని తెలిశాక, నాకు కడుపు నిండినట్టయింది. ఆ తర్వాత మా ఆయన పాత ఇంజనుతోనే ఘాట్‌కు వెళ్లినప్పుడల్లా, చీకటి పడేవేళకు నేను కిందికి దిగేదాన్ని. ఇద్దరం పీటల మీద కూర్చుని ధరల గురించి, దోమల గురించి మాట్లాడుకునేవాళ్లం. ఇద్దరి చెవులూ మాత్రం గేటు దగ్గరే ఉండేవి. మలుపు దగ్గర ఆ ఇంజను చప్పుడు వినపడగానే ఆయన లేచి, "ఇక నాకు నిద్రొస్తోందమ్మా" అని లోపలికి వెళ్లిపోయేవారు, ఎదురుచూసినట్టు తెలియకూడదని.

పిల్లలకు ఆయన తన విద్య నేర్పారు. సెలవురోజు మధ్యాహ్నం మా ఆయన కునుకు తీసేవేళ బండిని స్టాండు మీదకెక్కించి, ఇద్దరినీ కూర్చోబెట్టి, గదిలోంచి ఫ్యాను తెచ్చి ముందు పెట్టి, గోవా తీసుకెళ్లేవారు. చిన్నోడు ఒకసారి గోవా చేరకముందే వాంతి చేసుకున్నాడు. దాన్ని పెద్దాయన తన పనికి వచ్చిన అవార్డుగా భావించారు. తర్వాత వంతులు పెట్టారు. పెద్దది కూర్చుంటే చిన్నోడు ఊపాలి, చిన్నోడు కూర్చుంటే పెద్దది. "నడుం కదపకూడదు. మణికట్టులోంచి రావాలి. కూర్చున్నవాడికి బండే ఊగిందనిపించాలిగానీ, ఎవరో ఊపారనిపించకూడదు." అంత శ్రద్ధగా మా పెద్దదానికి ఎక్కాలు నేర్పినవాళ్లు లేరు.

మొన్న వానాకాలంలో పెద్దాయన నిద్రలోనే పోయారు. శవపేటిక దగ్గర పెట్టడానికి ఫోటో కావాలంటే ఎవరి దగ్గరా లేదు. మా ఫోన్లన్నీ వెతికాం. భుజం దొరికింది, ఒకదాంట్లో వంగిన వీపు దొరికింది. చివరికి ఆధార్ కార్డు బొమ్మనే పెద్దది చేయించారు. అందులో ఆయన, తప్పించుకోవడానికి చోటు దొరక్క పట్టుబడినవాడిలా చూస్తున్నారు. నేను ఏడుస్తూ ఏడుస్తూ నవ్వాను. పక్కవాళ్లు నా వీపు నిమిరారు.

ఆయన చెప్పొద్దని అడిగారు కాబట్టి, ఊపుడు సంగతి నేను మా ఆయనకు చెప్పలేదు. ఈరోజు సాయంత్రం టీవీ చెప్పేసింది.

ఏదో పాత సినిమా. హీరో తల్లికి సీరియస్‌గా ఉందని బండి మీద వస్తున్నాడు. మొహం మీద చెట్ల నీడలు పోతున్నాయి. బండి గుంతలో పడ్డట్టు ఎగిరింది. ఆ ఎగరడంలో, తెర కింది అంచున ఒక చెయ్యి లేచి, మడ్‌గార్డు పట్టుకుని, మళ్లీ కిందికి పోయింది. నాలుగు వేళ్లు ముడుచుకుని ఉన్నాయి. చిటికెనవేలు విడిగా నిలబడి ఉంది.

"తాత వేలు!" అని పిల్లలిద్దరూ ఒకేసారి అరిచారు.

మా ఆయన రిమోట్ లాక్కుని వెనక్కి తిప్పాడు, మళ్లీ చూశాడు, ఆపాడు. ఆఫీసులో ఆయన పనే అది, షాట్‌లో పొరపాటున పడ్డ చేతులను, తాళ్లను చెరిపేయడం. "గీ షాట్ మాకొస్తే చిటికెల లేపేస్తుంటిమి" అన్నాడు మెల్లగా. "ఎవడో సూస్కోలే. మంచిగయింది." ఆయన కళ్లు తడిశాయి. నావి కూడా.

తర్వాత ఆ బొమ్మను ఇంకోసారి వెనక్కీ ముందుకీ జరిపి చూశాడు. ఆ చూపు నాకు నచ్చలేదు.

"అంటే... పెద్దాయన బండి నడపలే. ఊపిండు" అన్నాడు.

నేను కంచాలు తీసుకుని లేచాను.

"అంటే చెక్‌పోస్టు కాడ..." ఆయన నా వైపు తిరిగాడు. "నీకు ఎరుకేనా?"

"పప్పుల ఉప్పు సరిపోయిందా?" అన్నాను.

ఆయన నవ్వడం మొదలుపెట్టాడు. సోఫాలోంచి కిందికి జారి, కడుపు పట్టుకుని నవ్వాడు. పిల్లలు ఆయన మీద పడి నవ్వారు, నేనూ నవ్వాను. పెద్దాయన పోయాక మా ఇంట్లో ఆయన కోసం జరిగిన అసలైన ప్రార్థన ఇదేననిపించింది. అంతలో మా ఆయన నవ్వు ఆపి, కళ్లు తుడుచుకుని లేచాడు.

"అంటే నా బండిల ఏం ఖరాబ్ లేనట్టే కద!"

బాల్కనీలోకి నడిచాడు. కింద పార్కింగులో కవరు కప్పి ఉన్న బండి వైపు చూశాడు. కటకటాల మీద చెయ్యి ఆనించి, మెత్తగా, "పాపం" అన్నాడు.

పొద్దున పిల్లల్ని గేటు దగ్గర దించి, అటు నుంచి అటే షోరూముకు పోతాడట. కిట్టు ఇంకా అమ్ముతూనే ఉన్నారట. ఇప్పుడాయన హాయిగా నిద్రపోతున్నాడు, నేను ఇది రాస్తున్నాను. పెద్దాయన గది గుమ్మం మీద నక్షత్రం ఇంకా వేలాడుతూనే ఉంది. పీట ఓనరు పారేయబోతే నేనే పైకి తెచ్చుకున్నాను. ఇది రాసేది దాని మీద కూర్చునే.

మిగిలింది పొద్దున వ్యాను వెళ్లాక కలుపుతున్నాను.

మా ఆయన కింద బండి కవరు మడతపెడుతున్నాడు. నేను మెట్ల మీద మోకాళ్లు వంచి కూర్చుని పిల్లలిద్దరికీ హెల్మెట్ల పట్టీలు బిగించాను. రోజూ చెప్పేవే మొదట చెప్పాను, నాన్నను గట్టిగా పట్టుకోండి, కాళ్లు దూరంగా పెట్టకండి అని. తర్వాత గొంతు తగ్గించాను.

"తాత నేర్పిన పని గుర్తుందా? నడుం కదపొద్దు. చిన్నది, మెత్తగ. గేటు దాకనే."

పెద్దదాని కళ్లు హెల్మెట్‌లో పెద్దవయ్యాయి. "గుంతలు గూడనా?"

"ఒక్కటి. గేటు కాడ."

చిన్నోడు ఆలోచించి అడిగాడు. "అమ్మా, నాన్న అద్దంల చూస్తే?"

"చూస్తే ఏముందిరా," అన్నాను, "తాత లెక్క వంగున్రి."